మంచినూనె తాగిన లేత్

సూర్యాపేటలో మా పెరటి చావడిలో ఇనుమును గుండ్రంగా చెక్కే, కాలితో తొక్కే లేత్ మిషన్ ఒకటుండేది. నేను దాన్ని తొక్కితేనే భూమి తిరుగుతోందన్నట్టు బజారంతా చెప్పుకునేవాణ్ణి. కోదాడలో లేత్ పని చేసే మా బావమరిది ఓసారి చూసి, "బేరింగులు ఎండిపోయినాయి బావా, మంచి నూనె పొయ్యి" అని బస్సెక్కాడు. మా ఇళ్లల్లో మంచినూనె అంటే వంటింట్లో ఉండే పల్లీనూనె. రోజూ దేవుడికి అభిషేకం చేసినట్టు పోశాను.

కొన్నాళ్లకు మిర్యాలగూడ నుంచి రైస్‌మిల్లు సేఠ్ విరిగిన ఇనుప పిన్ను పట్టుకుని వచ్చాడు. మిల్లు ఆగిందట, వడ్ల బండ్లు ఊరిదాకా నిలబడ్డాయట, సాయంత్రానికల్లా కొత్త పిన్ను కావాలట. "ఎంతలో పని!" అని పిన్ను అందుకుని మిషన్ తొక్కాను. మిషన్ కదల్లేదు. నూనె ముదిరి పాకమై లోపలంతా పట్టేసింది. ఏనుగులా తొక్కితే తొక్కుడు చెక్క విరిగింది.

సేఠ్ వంగి వాసన చూశాడు. "ఏం చెల్లే, బజ్జీలేస్తున్నవా?" అని మా ఆవిడనడిగాడు.

"యాడి బజ్జీలన్నా! ఇంట్ల మంచినూనెంత మీ బావ గీ మిషన్‌కే తాపిండు. మేం పచ్చిపులుసుతోని ఎల్లదీస్తున్నం."

నేను వంగి విరిగిన చెక్క ముక్కలు ఏరసాగాను.

"జర ఆ పిన్నిటియ్యి, మీ బావమరిది దగ్గరికే పోత" అన్నాడు సేఠ్.

ఆ బావమరిదికి పని నేర్పింది నేనేనని కూడా బజార్లో చెప్పి ఉన్నాను. నూనె చేతులతోనే పిన్ను తుడిచి సేఠ్ చేతిలో పెడుతూ, "నూనె సంగతి వానికి చెప్పకు సేఠ్" అని గొణిగాను.

సేఠ్ పిన్నును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నేనెందుకు చెప్త? ఇదే చెప్తది."