నాగలి కట్టె తుపాకి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోయినాయన పేపర్లో పడేంత పని ఏదీ చేయలేదు. పైగా ఆయనే ఉంటే, "నా మీద రాసేదేముంది అల్లుడా, బుడ్డల పంట మీద రాయి, నలుగురికీ పనికొస్తాది" అనేవాడు. కాగితం ముందేసుకున్నప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చి లేచిపోయాను. మా ఎద్దులకు ఈ మధ్య తాగినన్ని నీళ్ళు ఎప్పుడూ దొరికి ఉండవు. కానీ పోయిన వారం ఆదోనిలో, పోలీసు స్టేషన్లో, ఒక చిన్న సంగతి జరిగింది. అది చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పక తప్పదు.

మా పక్కచేని మామ పోయాడన్న కబురు నాకు ఎమ్మిగనూరులో అందింది. తువ్వాళ్ళు కొందామని మగ్గాలున్న వీధికి పోయి, అంచు ఎరుపా నీలమా అని బేరం మరిచి ఆలోచిస్తున్నాను. ఫోన్ మోగింది. అత్త. అంటే మామ భార్య. ఫోన్లో మాట్లాడితే అవతలి ఊరికి వినపడేలా అరవాలని ఆమె నమ్మకం. ఆ రోజు మెల్లగా మాట్లాడింది. అప్పుడే నాకు సగం అర్థమయింది.

"మీ మామ అన్నం తిని పండుకున్యాడు నాయనా. టీ పెట్టి లేపితే లేయలేదు."

"యాడికీ పోవద్దత్తా, వస్తాండా" అన్నాను. ఆమె ఎక్కడికి పోతుంది పాపం. అట్లాంటప్పుడు నోటికి ఏదొస్తే అదే.

మామ అంటే నెత్తుటి వరస కాదు. హాలహర్వి దిక్కు మా ఊళ్ళో ఆయన చేనూ నా చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్నాయి. ఆ గట్టే మా చుట్టరికం. మనిషి పొడవు, మాట పొట్టి. కుడికన్ను లేదు. పత్తికట్టె పీకుతూ ఉంటే ఒకటి చటుక్కున ఊడివచ్చి గుచ్చుకుంది. కర్నూలుకు తీసుకుపోయేసరికి చూపు పోయింది. అప్పటి నుంచీ ఎవరితో మాట్లాడాలన్నా కోడి గింజను చూసినట్టు తల పక్కకు తిప్పి ఎడమకన్నుతో చూసేవాడు. ఆయన మెడకు ఆ శ్రమ ఎందుకని మేమందరం ఆయన ఎడమ పక్కనే కూర్చోవడం నేర్చుకున్నాం. బస్సులో, పెండ్లిలో, చేని గట్టు మీద. శవం పక్కన కూడా నేను అటే పోయి కూర్చున్నాను. కూర్చున్నాక గాని తట్టలేదు.

ఇంక తుపాకి సంగతి.

మామకు వాళ్ళ నాయన నుంచి వచ్చిన పంట కాపలా తుపాకి ఒకటి ఉండేది, లైసెన్సుతో. గొట్టం ముందు నుంచి మందు కూరి కాల్చే పాత రకం. మా వైపు బుడ్డలు, అంటే మీరు వేరుశనగ అంటారే అవి, ఊరే కాలానికి వంక దాటి అడవిపందులు వస్తాయి. పంది బుడ్డల్ని తింటే బాధ లేదు, ఎంతని తింటుంది. అది మూతితో చేనంతా దున్నిపోతుంది. నాటే ముందు మేము దున్నిన దానికన్నా బాగా దున్నుతుందని చెప్పుకోవడం మాకు సిగ్గు. మామ ఆ తుపాకిని ఆకాశం వైపు పేల్చేవాడు. ఆ చప్పుడుకే మా రెండు చేలూ బతికేవి. నా చేనికి విడిగా కాపలా అంటూ నేను ఏనాడూ పెట్టుకోలేదు. నేను నిద్రపోయిన నిద్రంతా ఆయన మేలుకున్నదే.

కన్ను పోయాక ఊరు ఊరుకోలేదు. రచ్చకట్ట మీద తీర్పు అయిపోయింది: "ఒంటికన్నోనికి తుపాకీ ఏంటికి? పనికిరాడు ఇంక. దాన్ని ఇచ్చేసి రెండు మేకల్ని తెచ్చుకోమను." నాకు కోపం వచ్చింది. మామకు రాలేదు. పొద్దు వాలుతుండగా గట్టు మీద కూర్చుని అన్నాడు.

"పనికిరాడనేది పెద్ద మాట అల్లుడా. పగిలిన కుండ కూడా కోళ్ళకు నీళ్ళు పోయనీకి పనికొస్తాది."

మర్నాడు ఇద్దరం ఆదోని పోయాం. అక్కడ బజారులో తుపాకులు బాగుచేసే లైసెన్సు దుకాణం ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. దుకాణంలో పది తుపాకులు ఉంటే తొమ్మిది పెద్దమనుషుల గోడల మీద వేలాడి తుప్పు పట్టినవే.

ఉస్తాద్ మామను చూసి, "కన్ను ఏమైంది పెద్దాయనా?" అన్నాడు.

"పత్తికట్టె తినింది."

"అయితే ఎడమ భుజానికి మార్చుకో. ఆ కంటితోనే చూడచ్చు."

"ఆ భుజాన్ని ఎద్దులబండి తినింది. చెయ్యి పైకి లేయదు."

"అల్లా! అందరికీ తినిపించుకుంటా పోతే నువ్వేం మిగుల్తావయ్యా?"

"మిగిలిన కాడికి తెచ్చినా గదా. నేను వంగలేను ఉస్తాదూ. తుపాకీనే వంచు."

ఉస్తాద్ నవ్వడం ఆపి మామను కింది నుంచి పైదాకా చూశాడు. భుజం కుడిది, కన్ను ఎడమది. తుపాకి కట్టె భుజం దగ్గర మొదలై, చెంప కిందుగా పక్కకు వంపు తిరిగి, గొట్టాన్ని తెచ్చి ఎడమకన్ను ముందు పెట్టాలి. అట్లాంటివి ఎప్పుడో ఎవరో దొరలకు చేశారని వాళ్ళ తాత చెప్పాడట గాని తను చేయలేదట. దర్జీ కొలతలు తీసినట్టు దారంతో ముక్కు నుంచి భుజానికీ, భుజం నుంచి వేలికీ కొలిచాడు. మెత్తటి కట్టెతో ఉత్తుత్తి తుపాకి ఒకటి చెక్కి, "కండ్లు మూసుకో. ఎత్తు. ఇప్పుడు తెరువు. కొసన గురి చూసే గింజ కనిపిస్తాందా?" అని మళ్ళీ మళ్ళీ ఎత్తించాడు. లేకపోతే కొంచెం చెక్కడం, మళ్ళీ ఎత్తించడం. నేను ఆ దుకాణం అరుగు మీద కూర్చుని తాగిన టీలకు అంతే లేదు. మా ఊరివాళ్ళు ఆదోనికి పత్తి అమ్మడానికి వస్తారు, మేము మాత్రం కన్ను కుట్టించుకోవడానికి వచ్చామని మామ అనేవాడు.

మంచి తిన్నటి చెక్కతో అసలు కట్టె తయారయింది. మా చేను వెనక మట్టికట్టకు గురిపెట్టి మామ పేల్చాడు. కట్టె ఆ వంపు దగ్గరే ఫట్టుమని చీలి చెంపకు తగిలింది. మామ బుగ్గ పూరీలా పొంగింది. ఊళ్ళో అడిగినవాళ్ళకు పన్నునొప్పి అని నేనే చెప్పాను. వాళ్ళు నమ్మలేదు. "కన్నయింది, బుగ్గయింది, ఇంక ముక్కొకటి ఉండాది" అని నవ్వారు.

ఉస్తాద్ చీలిక చూసి తల పట్టుకున్నాడు. తిన్నటి చెక్కలో వంపు చెక్కితే నార మధ్యలో తెగిపోతుంది, దెబ్బకు ఆగదు. నావల్ల కాదని చెప్పేశాడు. మామ కట్టె ముక్కల్ని తువ్వాలులో మూటకట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ నాలుగు రోజులూ ఆయన మొహం చూస్తే నాకే భయమేసింది. లైసెన్సు కొత్త చేయించుకునే గడువు దగ్గరకొస్తోంది. తుపాకి ఎత్తి చూపలేకపోతే అది పోతుంది. పోతే రచ్చకట్ట మాట నిజమవుతుంది. బుడ్డల సంగతి తర్వాత, ఆ మాట నిజమైతే ఈ మనిషి మిగలడని నాకనిపించింది.

ఒకరోజు పొద్దున్నే గట్టు మీద నుంచి పిలిచాడు. "అల్లుడా, ఈడికి రా." కొట్టంలోకి తీసుకుపోయాడు. ట్రాక్టర్లు వచ్చాక అటక ఎక్కిన పాత కొయ్యనాగలిని కిందికి దించి పెట్టుకుని ఉన్నాడు. నల్లతుమ్మ చేవ.

"నాగలికి మనం తిన్నగుండే మాను ఎతుకుతామా?"

"లేదు మామా. వంకరదే ఎతుకుతాం."

"ఏంటికి?"

"పుట్టుకతో వంగిందైతే విరగదు గదా."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు నాకు సెప్పొద్దా?" అన్నాడు, తప్పంతా నాదే అయినట్టు.

చెట్టు తనంతట తాను వంగినచోట నార కూడా దానితోపాటే వంగుతుంది. ఆ నాగలికి మానును మామ వాళ్ళ నాయన వంక గట్టున ఎంచి కొట్టాడు. మళ్ళీ ఆదోని పోతే, ఉస్తాద్ ఆ నాగలిని చేతిలోకి తీసుకుని బిడ్డను తిప్పినట్టు తిప్పాడు. "వానల్లో తడిసింది, ఎండల్లో ఎండింది. ఇంక ఇది కదలదు. దున్నేదాన్ని కాల్చేదిగా చేయమంటావు?" అన్నాడు. మామ, "అది దున్నిన చేనికే కాపలా పెడతాండా" అన్నాడు. ఈసారి కట్టె ఆగింది. చూడ్డానికి మాత్రం పామును మధ్యలో ఎవరో తొక్కినట్టుండేది. ఊళ్ళో దానికి వంకర తుపాకి అని పేరు పడింది.

తుపాకి తయారైతే సగమే. దానికి తిండి అలవాటు చేయాలి. ఏ తుపాకి ఎంత మందు తింటుందో, ఎంతకు కక్కుతుందో దానికే తెలుసునని మామ అనేవాడు. పిల్లకు తొలి ముద్ద పెట్టినట్టు కొంచెంతో మొదలుపెట్టి, ప్రతిసారీ గుండు మట్టికట్టలో ఎక్కడ దిగిందో వేలితో తడిమి చూసి, రోజుల తరబడి కూర్చున్నాడు. ఇందులో ఒక పొరపాటు జరిగింది. అది మా ఆదోని వైపు వాళ్ళే చేయగలరు. మాకు దీపానికి పత్తి, దెబ్బకు పత్తి, చెవికి పత్తి. మందు మీద అదిమే దానికి కూడా మామ చేతికందిన పత్తే కూరాడు. పేలిస్తే అది మంటతో ఎగిరి పోయి నా జొన్నచొప్ప వామి మీద వాలింది. పందులు చేసే నష్టం మామే ఒక్క దెబ్బతో చేశాడు. తన చొప్పలో సగం నా దొడ్డిలో వేయించాడు, వద్దంటే వినలేదు. తర్వాత పాత కంబళి చింపి ముక్కలు చేసుకున్నాడు. గొర్రెబొచ్చు మాడుతుంది గాని మండదు. "గొర్రెకున్న బుద్ధి నాకు లేకపాయ" అన్నాడు.

ఆ ఏడాదే ఒంటిపంది వచ్చింది. మంద నుంచి విడిపోయిన మొగది, దూడంత ఉండేది. చప్పుళ్ళకు బెదరలేదు. ఊళ్ళో ఒకాయన తొడ చీల్చింది. అడవిశాఖకు అర్జీ పెట్టుకుంటే, ఆ ఒక్కదాన్ని కాల్చడానికి అనుమతి ఇచ్చారు. వచ్చిన ఆఫీసరు మామ మొహం చూసి, తుపాకి చూసి, నా వైపు చూశాడు. మామ మట్టికట్ట మీద ముంత పెట్టించి కొట్టి చూపించాడు. లైసెన్సు గడువుకు కూడా అదే సాక్ష్యం అయింది.

తెల్లారుజామున మంచె మీద నేను ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను. పంది నా బుడ్డల్లోకి దిగింది. దగ్గర. మామ తుపాకి ఎత్తాడు, అట్లాగే ఉన్నాడు, దించేశాడు. పంది తీరిగ్గా నాలుగు సాళ్ళు దున్ని వెళ్ళిపోయింది. నేను ఆగలేకపోయాను.

"ఏం మామా, కంట్లో దోమ పడిందా?"

"దాని వెనక దోవ ఉండాది. గొర్రెలోళ్ళు వచ్చే యాళ. గుండుకు వెనక్కి రానీకి తెలీదు అల్లుడా."

దోవ మీద ఎవరూ రాలేదు. నేను ఆ మాట అన్నాను కూడా. "రాలేదని ఇప్పుడు తెలిసింది" అన్నాడు. మరుసటి పొద్దున అది వంక వైపు తిరిగి నిలబడినప్పుడు పేల్చాడు. ఒక్కటే చప్పుడు. పంది రెండడుగులు వేసి కూలబడింది. అడవిశాఖ వాళ్ళు వచ్చి పూడ్పించారు. ఊరు చూడ్డానికి వచ్చింది. రచ్చకట్ట మీద ఆ మాట అన్నాయనే మామ భుజం తట్టాడు. మామ మంచె దిగి, దాని దగ్గర కాసేపు నిలబడి, తలకున్న తువ్వాలు తీసి, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ దేన్నీ కొట్టలేదు. ఆకాశానికే పేల్చాడు, పోయేదాకా. ఆ ఏడాది బుడ్డలు నేను తిన్నాను, నా పిల్లలు తిన్నారు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్న బలం కూడా అందులోదేనేమో.

మనిషి పోతే లైసెన్సు పోతుంది, తుపాకిని స్టేషన్లో అప్పజెప్పాలి. వాళ్ళకున్నది ఒక్క కూతురు, కోడుమూరులో సంసారం చేసుకుంటోంది, తుపాకి వద్దంది. అత్తా నేనూ దాన్ని కంబళిలో చుట్టి ఆదోనికి తీసుకుపోయాం. బస్టాండు నుంచి నడుస్తూ అత్త అన్నది:

"ఒక్కటే నాయనా. దాన్ని పనికిరాదని రాయనీకు."

స్టేషన్లో కుర్ర కానిస్టేబులు దాన్ని విప్పి, ఖాళీగా ఉందో లేదో చూసి, అటూ ఇటూ తిప్పాడు.

"ఏంది పెద్దాయనా, ఎండకు వంగిపోయిందా?" అని, రాయడం మొదలుపెట్టాడు. పైకి చదువుకుంటూ రాస్తున్నాడు. "కట్టె వంగినది... పనికి..."

"ఆగు నాయనా" అన్నాను. "ఒకసారి భుజానికి పెట్టు."

"ఏంటికి?"

"పెట్టు, సెప్తా."

నవ్వుతూ పెట్టాడు. అందరిలాగే ఎడమకన్ను మూశాడు.

"ఏం కనపళ్ళే. గోడ కనిపిస్తాంది."

"తల వంచొద్దు. నిటారుగా నిలబడు. ఇప్పుడు ఎడమది తెరిచి, కుడికన్ను మూయి."

మూశాడు. కిటికీ అవతల ప్రహరీ గోడ మీద కాకి ఒకటి ఉంది. దాని వైపు చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది.

"నేరుగా ఉండాదే" అన్నాడు.

తుపాకి దించి, రాసిన మాట కొట్టేశాడు. "మరి ఏమని రాయల్ల?"

నేను నోరు తెరిచేలోపే అత్త చెప్పింది. "మా ఆయన కొలతకు చేసింది అని రాయి."

అట్లాగే రాశాడు. చీటీ కట్టి మూలన నిలబెట్టి, కంబళి మాకు ఇచ్చేశాడు. అత్త దాన్ని మడిచి చంకలో పెట్టుకుంది. హాలహర్వి బస్సు ఖాళీగానే వచ్చింది. నేను ఎక్కి ఒక సీట్లో మధ్యలో కూర్చున్నాను. అత్త నా వెనకే ఎక్కి, నా మోకాళ్ళ ముందు నుంచి అటు దాటి, నా ఎడమ పక్కన కూర్చుంది.