ఆరు చెంచాల చేపనూనె

మెదక్ బస్టాండులో నేను టైంకీపర్‌గా ఉన్న రోజుల్లో నా భార్య మెడ ముందు ఒక గడ్డ లేచింది. అది నిమ్మకాయంత అయ్యేసరికి అన్నం మింగడం కష్టమైంది. దవాఖానలో డాక్టరమ్మ కోసి తీసేస్తానంది. అయితే మనిషి నీరసంగా ఉంది కాబట్టి నెలన్నర బాగా తినిపించి తీసుకురమ్మంది.

నేను ఐదో తరగతి దాటలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఒకదానికి ఇంతైతే మూడింటికి ఎంత అని తేల్చే త్రైరాశికం పట్టుబడ్డాక అది దేనికైనా పనికొస్తుందని గట్టిగా నమ్మేవాణ్ణి.

పక్కింటి టీచరమ్మ చర్చి బడిలో పాఠాలు చెప్పేది. తన కూతురికి రోజూ ఒక చెంచా పట్టించే చేపనూనె సీసా చూపించి, బలానికి మంచిదని చెప్పింది. నేను ఆ పాపను బస్టాండుకు తీసుకుపోయి సామాన్లు తూచే కాంటా మీద నిలబెట్టాను. పదహారు కిలోలు. తర్వాత నా భార్యను కూర్చోబెట్టాను.

"ఏందయ్యా, నన్ను గిట్ల నర్సాపూర్ బస్సు మీద కడ్తవా?" అంది. హమాలీలు పడీపడీ నవ్వారు.

నలభై ఎనిమిది. పాపకు మూడింతలు, అంటే మూడు చెంచాలు. పాపకేం తొందర లేదు, మాకు నెలన్నరే గడువు. అందుకని రెట్టింపు చేసి రోజుకు ఆరు చెంచాలు పోశాను.

"నోరు తెరిస్తే చేపల బజారే. నా పక్కన ఎవలన్న కూసుంటరా?" అని ముక్కు మూసుకునేది. అయినా ఒక్క రోజు మానలేదు. నా లెక్క మీద ఆమెకు అంత గురి.

గడువు దగ్గరపడ్డాక రక్తపరీక్షకు పోయాం. నర్సమ్మ చెవి తమ్మెకు సూదితో చిన్న గాటు పెట్టి, అర నిమిషానికొకసారి రక్తాన్ని అద్దుడు కాగితానికి అద్దింది. నెత్తురు ఆగేదాకా కాగితం మీద ఎన్ని చుక్కలు పడతాయో చూడాలి. "అన్నా, నీ గడియారం మంచిగ నడుస్తది. అర నిమిషం కాంగనే నువ్వే చెప్పు" అంది. నేను చెప్తూ పోయాను. మామూలుగా ఆరో ఏడో పడతాయట. పది దాటాక నర్సమ్మ కాగితం మీద రెండో వరస మొదలుపెట్టింది. పంతొమ్మిదికి ఆగింది.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి, "మందులేమన్నా వాడుతున్నరా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా" అన్నాను. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. మా ఇంట్లో నూనె అంటే తిండే. ఆ సీసా వంటింట్లో పల్లినూనె పక్కనే ఉండేది.

"నెత్తురు ఇట్లా ఆగకపోతే మెడ మీద కత్తి పెట్టలేను. హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిస్త. అక్కడ చూపించుకోండ్రి."

ఇంటికొచ్చాక నా భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. "నా నెత్తురుల ఏదో రోగమున్నది. మీరందరు దాస్తున్నరు" అని ఏడ్చింది.

బస్సు ఆలస్యమైతే, నిన్నటికీ ఇవాళటికీ ఏం మారిందని మొదట అడగడం నాకు అలవాటు. ఆ ప్రశ్నే ఇక్కడా వేసుకున్నాను. ఈ నలభై రోజుల్లో మారింది నూనె ఒక్కటే. ఆ సంగతి ఆ సాయంత్రమే తట్టింది. కానీ చెంచా ఆపేస్తే నా లెక్క తప్పని నేనే చెప్పినట్టు. రెండు రోజులు అట్లాగే పోశాను. పన్నెండు చెంచాలు.

మూడో రోజు పొద్దున ఆమె హైదరాబాద్ ప్రయాణానికి బట్టలు మూట కడుతోంది. ఉన్న రెండు మంచి చీరల్లో ఒకటి పక్కన పెట్టి, "నేను మళ్ల రాకుంటే గిది మా అక్కకియ్యి" అంది. అప్పుడు చెప్పాను.

కడుతున్న మూట వదిలేసింది. "మరి మొన్న ఎందుకు చెప్పలే?"

నూనె సీసా పట్టుకుని ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

సంగతి విని డాక్టరమ్మ ముందు కోప్పడింది. పిల్లల బరువును పట్టి పెద్దల మోతాదు కట్టకూడదనీ, ఆ నూనెలో విటమిన్లూ ఉంటాయనీ, ఎక్కువైతే అవే చెడుపు చేస్తాయనీ చెప్పింది. తర్వాత నిదానించి, "గాయం దగ్గర ఒకదానికొకటి అతుక్కుని నెత్తురును ఆపే చిన్న కణాలుంటయి. పది రోజులకు పాతవి పోయి కొత్తవి వస్తయి. నూనెతోనే ఇట్లా అయిందని నేను చెప్పలేను. ఆపి చూద్దాం" అంది.

చేపనూనె ఎక్కువైతే ఆ కణాలు అతుక్కోవడం తగ్గవచ్చనీ, ఆపినా ఆ గుణం ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుందనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడు మాకు తెలిసింది ఎదురుచూడడమే. మూడు వారాలకు పదకొండు చుక్కలు. ఈలోగా గడ్డ పెరిగి, ఆమె గంజి తప్ప మింగలేకపోయింది. కాంటా నలభై ఐదు చూపింది.

ఇంకో రెండు వారాలాగి మళ్లీ పోయాం. నర్సమ్మ సూది తీయగానే నేను గడియారం విప్పాను.

"నువ్వు బయట నిలబడు" అంది నా భార్య. నర్సమ్మ వైపు తిరిగి, "సిస్టర్, నువ్వే లెక్కపెట్టు. గట్టిగ చెప్పు, నాకు వినబడాలె" అంది.

వరండాలో నిలబడ్డాను. లోపలి నుంచి ఒకటి, రెండు అని వినిపించింది. ఏడు తర్వాత మాట లేదు. ఆగిందని నమ్మలేక, ఎనిమిది కోసం చెవి తలుపుకు ఆనించి అట్లాగే నిలబడ్డాను.