కురుమూర్తి ఎనిమిది పెట్టెలు

అయిజ పొలాల్లో బోరు వేసే చోటు చూడాలంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు. కాయ లేచి నిలబడ్డ చోట నీళ్లున్నట్టు. కురుమూర్తి తన బిట్‌కాయిన్ యంత్రాలకూ అలాగే చోటు చూపించుకున్నాడు. కాయ సరిగ్గా మోటారు షెడ్డులోనే లేచిందట. లేవదా మరి! పొలం కరెంటు ఉచితమైన చోట ఏ కాయైనా లేస్తుంది.

ఆ యంత్రాల పని చిత్రమైనది. లోకంలో ఉన్నవన్నీ ఒకే తాళానికి అంకెలు ఊహిస్తూ పోటీ పడతాయి. ఆ తాళం పది నిమిషాలకు ఒక్కసారే తెరుచుకోవాలి, తెరిచినవాడికే బిట్‌కాయిన్లు. యంత్రాలు బలిసినకొద్దీ తాళమూ బిగుస్తుంది. ఎన్నో జాతరల్లో ఎడ్ల పందేలు చూశాను గానీ, ఎడ్లు ఉరికినకొద్దీ అవి లాగే బండ బరువెక్కే పందెం మాత్రం ఇదే.

మొదట షెడ్డులో అలాంటి యంత్రాల పెట్టెలు రెండుండేవి. అంతలో సగం కరెంటుతోనే అదే పని చేసే కొత్త రకం వచ్చింది. మిగిలిన సగాన్ని మిగలనిస్తే కురుమూర్తి ఎందుకవుతాడు? పాతవి తీసేసి కొత్తవి నాలుగు పెట్టాడు. లోకమంతా అదే చేసింది. తాళం బిగిసింది, వాటా మళ్లీ మొదటికొచ్చింది. దాంతో ఎనిమిది చేస్తానన్నాడు.

విత్తనం కోసం వేసిన సీడు పత్తిలో పూలకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేస్తున్న భార్య భాగ్యలక్ష్మి తలెత్తింది. “బోరు ముచ్చట యాదికి లేదా? నువ్వు మున్నూరు అడుగులు దించితివి, పక్క చేను శాంతయ్యన్న అయిదు నూర్లు దించె, నువ్వు మల్ల ఎనిమిది నూర్లు. నీళ్లు పెరిగినయా?”

“గది భూమి, గిది కంప్యూటర్. నీకు తెల్వదు తియ్యి.”

“పూత రాలినంక నీకే తెలుస్తది.”

ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదుగురు రైతుల మోటార్లు వంతుల వారీగా నడుస్తాయి. ఫ్యాన్ల మోతతో రాత్రింబవళ్లు నడిచే పెట్టెలకు మాత్రం వంతు లేదు. ఎనిమిదీ మొదలైన మూడో పొద్దున, శాంతయ్య వంతులో, ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కి కాలిపోయింది. నాలుగు రోజులు ఎవరి చేనుకూ చుక్క నీరు లేదు. సగం పూత రాలింది.

“ఏం బావా,” అన్నాడు శాంతయ్య, “నీ పెట్టెలు ఇన్ని దినాలు ఉరిమె, వాన పడకపాయెనేంది?”

అయిదో రోజు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించారు. పెట్టెలు బయటికి రానిదే ఫ్యూజు వేసేది లేదని అందరూ షెడ్డు ముందు కూర్చున్నారు. కురుమూర్తి ఒక్కొక్కటే మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. ఫ్యూజు పడింది, మోటారు నీళ్లు పోసింది. అప్పటికీ మనసొప్పలేదు.

“నావి ఎనిమిదీ బందైతే తాళం జర వదులైతదే! ఫాయిదా అంత బయటోళ్లకు పోతది.”

“పోనీ పాపం,” అంది భాగ్యలక్ష్మి. “గా పార అందుకో. కాలువ గట్టు తెగుతున్నది.”