వీడియోలో లేని ఆడపడుచు

గడియారాలాయన కోడలు కొత్త పెళ్లికూతురి దగ్గర చేతిగడియారం పుచ్చుకుని, పెళ్లి వీడియోలోంచి పెళ్లికొడుకు అక్కను నున్నగా కోసేసిందని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. అది అబద్ధం. ముందుగది గోడలనిండా గడియారాలు వేలాడే ఇంటికి గడియారం లంచమిచ్చేటంత తెలివితక్కువది కాదు ఆ పెళ్లికూతురు.

అసలు సంగతి నాకు తెలుసు. ఎలాగంటారా, వెళ్లి అడిగాను కాబట్టి. మిగతావాళ్లు అడగరు, ఊహిస్తారు. నా అయిదో తరగతి చదువులో నాకు బాగా ఒంటబట్టింది అడగటం ఒక్కటే. రాసిందంతా పెళ్లికొడుకు అక్కకు ముందే చదివి వినిపించాను. “మూడుచోట్ల కొట్టెయ్యి పిన్నీ” అంది. ఒకచోట కొట్టేశాను. మిగతా రెండూ లేకపోతే ఇక రాయడానికేమీ మిగలదు.

గడియారాలాయన కోడలి పని పెళ్లిళ్లను కుదించడం. మామగారు ముందుగదిలో కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేస్తుంటే, పరదా వెనక ఈమె కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఆ డబ్బాకు ఒక పక్క మూత ఊడదీసి, లోపలికి గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టింది. ఫ్యాను గాలి దానికి, ఉక్క ఈమెకు. కీబోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, ఈమె వేళ్లకు అక్కర్లేదు. జనం పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీయించుకున్నదంతా తెచ్చి ఇస్తే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పరిచి, వియ్యంకుడి ఆవలింతలూ, మేనమామ ముక్కులో వేలూ, వంట బాగాలేదన్న తోడల్లుడి మాటా తీసేసి, చూడదగ్గ పెళ్లి చేసి ఇస్తుంది. మనుషుల్ని వీపు చూసి గుర్తుపడుతుంది. ఒకసారి పాలకు వెళ్తుంటే వెనకనుంచి కేకేసి, “అత్తయ్యగారూ, ఆ ఎడమకాలు ఈడుస్తున్నారు, డాక్టరుకు చూపించుకోండి. మొన్నటి మూడు పెళ్లిళ్లలోనూ గమనించాను” అంది. చూపించుకున్నాను. నిజమే.

అలాంటి పిల్లకు ఈ మాట పుట్టాక పని ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇచ్చినవాళ్లు కూడా వచ్చి వెనక్కి పట్టుకుపోయారు. మా మనవరాలి పెళ్లి వీడియో ఈమెకే అని నేను మాటిచ్చి ఉన్నాను. అదీ పోతే కంప్యూటర్ అమ్మేసి మామగారి పక్కన మరలు బిగించుకోవడమే. ఇంట్లో మా కోడలు అడ్డం తిరిగింది.

“ఆవిడకిస్తే నన్ను కూడా కోసేస్తుంది అత్తయ్యా.”

“నిన్నెందుకు కోస్తుందే? ఆమెకు నీమీద పగేముంది?”

“మొన్న పలకరిస్తే పలకలేదు నేను.”

“అయితే కోసినా తప్పులేదు” అని చెప్పులు తొడుక్కుని బయల్దేరాను.

నేను పరదా ఎత్తేసరికి ఆ అమ్మాయి ఖాళీ తెర ముందు కూర్చుని గోళ్లు గిల్లుకుంటోంది.

“కోశావా, లేదా?” అన్నాను.

“నేను కోయలేదు. కానీ తప్పు నాదే.”

“ఇదేం జవాబు? చూపిస్తేగానీ లేవను” అని స్టూలు లాక్కుని కూర్చున్నాను. నేను కూర్చుంటే ఎంతసేపు కూర్చుంటానో వీధిలో అందరికీ తెలుసు. చూపించింది.

కెమెరా మనిషి ఒక కెమెరాను స్టాండుకెక్కించి, కుర్చీల వైపు తిప్పి, తన దారిన తాను పోయాడట. తెరమీద రెండో వరుసలో పెళ్లికొడుకు అక్క. ఒళ్లో సంచీ, సంచీ మీద చేతులు, మూతి ముడుచుకుని ఉంది. చూస్తున్నాను, చూస్తున్నాను, ఎంతకీ కదలదు.

“ఆగిపోయిందే నీ కంప్యూటర్!”

“ఆగలేదు అత్తయ్యగారూ. వెనక గోడమీద బెలూను చూడండి, ఊగుతోంది.”

నిజంగానే ఊగుతోంది. ఆవిడ మాత్రం రెప్ప వేసిన పాపాన పోలేదు. తమ్ముడి స్నేహితులు వచ్చి ముందు కుర్చీలు ఆక్రమించుకున్నారని అలిగి కూర్చుంది.

“పెళ్లంతా ఫోనులో పంపుకునేటంత చిన్నదిగా చెయ్యమన్నారు” అంది ఆ అమ్మాయి. “ముందు గట్టిగా కుదించాను. మొహాలు గళ్లుగళ్లుగా విడిపోయాయి. పెళ్లికొడుకు ముక్కొక గడి, మూతొక గడి. తిట్టారు. సరే, మొహాలు బాగుండేలా ఉంచి, కదలిక లేని ముక్కలు తీసెయ్యమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. ఖాళీ కుర్చీలూ, గోడలూ పోతాయనుకున్నాను.”

“ఆవిడనూ గోడ కింద జమకట్టిందన్నమాట!”

“బెలూను ఊగినంత ఊపు దానికి లెక్కలోకి రాదు. ఎవరైనా అడ్డంగా నడిస్తే ఆ ముక్క ఉంచింది. ఉంచితే ఏం లాభం, అక్కడ వాళ్ల వీపులే ఉన్నాయి. ఇచ్చేముందు అందరూ ఉన్నారో లేదో ఒకసారి చూసుకోవాల్సింది. పెళ్లివాళ్లంతా తొందరపెడుతున్నారని చూసుకోలేదు.”

నాకు నవ్వాగలేదు. నా నవ్వుకు పరదా అవతల మామగారు ఏదో మర జారవిడిచి విసుక్కున్నారు కూడా.

“నవ్వుతున్న మొహం ఎక్కడైనా దొరికితే అతికించలేకపోయావా?”

“అన్ని కెమెరాలూ వెతికాను. లేదు. ఇంకోసారి చూడండి, ఈసారి ఆవిడను కాదు, అటూఇటూ తిరిగేవాళ్లను చూడండి.”

చూశాను. తమ్ముడు అటునుంచి ఇటు పోయాడు. చిన్నాన్న పోయాడు. మేనత్తలు గుంపుగా పోయారు. ఒక్కరూ ఆ కుర్చీ దగ్గర ఆగలేదు. ఆవిడ కళ్లు మాత్రం, ఎవరు దగ్గరికొచ్చినా వాళ్లవైపు కాస్తంత తిరిగి మళ్లీ యథాస్థానానికి వచ్చేవి. అలిగిన మనిషి ఎదురుచూసేది ఇంకెందుకు, ఎవరైనా వచ్చి పిలుస్తారనే కదా? నా నవ్వు ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు.

“మా పెళ్లి పని నీదే. మా కోడలి సంగతి నేను చూసుకుంటాను” అని లేచాను. గుమ్మం దాకా వెళ్లి, కడుపులో మాట ఆగక మళ్లీ వెనక్కి వచ్చాను. “అమ్మాయీ, సూటిగా అడుగుతున్నాను. ఇది తీసుకెళ్లి నలుగురికీ చూపిస్తే నీ మాట నెగ్గుతుంది కదా. ఎందుకు చూపించవు?”

ఫ్యాను డబ్బా వైపునుంచి తనవైపు తిప్పుకుని, ఆ అమ్మాయి అంది:

“చూపిస్తే ఆవిడ అలిగినట్టు మాత్రమే కాదు అత్తయ్యగారూ, బతిమాలడానికి ఎవరూ రానట్టు కూడా కనబడుతుంది. నాకేం, ఇంకో వీధిలో ఇంకో పెళ్లి దొరుకుతుంది. ఆవిడకు మళ్లీ తమ్ముడి పెళ్లి వస్తుందా? ఆ పెళ్లికూతురి నోరు చూస్తే, వచ్చినా వస్తుందనుకోండి.”