సత్యభామగారి డి క్లాసు కస్టమర్లు

సత్యభామగారు ఏ కంపెనీలో అడుగుపెట్టినా మొదట అడిగేది బాత్రూం. నమస్కారం దాని తర్వాతే. ఎదురుగా ఉన్నది ఎండీ కావచ్చు, ఎండీగారి మామగారు కావచ్చు, పూలగుత్తితో నిలబడ్డ రిసెప్షనిస్టు కావచ్చు, ఆవిడకు తేడా లేదు. హ్యాండ్‌బ్యాగు భుజం మీదికి ఎగదోసుకుని, "బాత్రూం యాడుండాదప్పా?" అంటారు.

పోనీ చూపించిన బాత్రూంకి వెళ్తారా అంటే అదీ లేదు. గెస్టుల బాత్రూం తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, మూసేస్తారు. "ఇది కమోడు కదా. నాకు ఇండియన్ టైపే పడేది. మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పినాడు" అంటారు. ఇండియన్ టైపు ఎప్పుడూ ఫ్యాక్టరీ వెనకాల, జనరేటరు పక్కన, పనివాళ్ళకోసం కట్టినదే ఉంటుంది. ఆవిడ అక్కడికి బయల్దేరతారు. ఎండీగారు కాఫీ ముందు పెట్టుకుని, అది మీగడ కట్టేదాకా ఎదురుచూస్తాడు.

ఇది మొదటిసారి చూసినరోజు ఫర్హానాకి భూమి చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. గుంటూరు నుంచి వచ్చిన పిల్ల. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో సేల్స్ ఉద్యోగం. సత్యభామగారు అక్కడ సేల్స్ హెడ్డు. సరిహద్దున ఆనేకల్ దగ్గరి పాత తెలుగు కుటుంబం, యాభై దాటిన వయసు, ఫ్లోరు మొత్తానికి వినపడే గొంతు.

కంపెనీ యజమాని శ్రీకాంత్‌కి ముప్పై ఏళ్ళు. అతను బెంగళూరులోని కంపెనీలన్నిటినీ కూరగాయల్లా తరిగి పెట్టుకున్నాడు. ఏ పరిశ్రమ, పనివాళ్ళెందరు, అమ్మకాలెంత, ఊళ్ళో ఏ మూల, పుట్టి ఎన్నేళ్ళయింది అని చూసి ఏ, బి, సి, డి అని నాలుగు వర్గాలు చేశాడు. ఏ వెంట పడాలి, డి మొహం చూడకూడదు. ఇదీ అతని శాస్త్రం.

సత్యభామగారు బాత్రూంకి వెళ్ళి రాగానే ఈ శాస్త్రం తలకిందులయ్యేది. శ్రీకాంత్ ఏ అన్న మోటారు విడిభాగాల ఫ్యాక్టరీ నుంచి ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి "డి" అనేవారు. అతను డి కింద పారేసిన అగరుబత్తీల షెడ్డుకి "బ్రహ్మాండంగా ఉండాది, ఏ" అనేవారు. ఎందుకు మేడం అని శ్రీకాంత్ అడిగితే, ముప్పై ఏళ్ళ అనుభవం నాయనా అని నవ్వేవారు. అమ్మకాల్లో ఆవిడే ముందుండేవారు కనుక అతను పళ్ళు నూరుకుని ఊరుకునేవాడు.

ఆఫీసులో దీనిమీద రకరకాల సిద్ధాంతాలు పుట్టాయి. షుగరని అకౌంట్స్ వాళ్ళన్నారు. కాదు, వాస్తు చూస్తోందని డెలివరీ వాళ్ళన్నారు. హెచ్చార్ జెస్సీ మాత్రం మనసున్న మనిషి. ఏడాదికోసారి చేయించే వైద్యపరీక్షల్లో మేడం కోసమని మూత్రపిండాల డాక్టరుని చేర్పించి, ఇంటినుంచి రోజూ ఫ్లాస్కుతో బార్లీనీళ్ళు తెచ్చేది. సత్యభామగారు కాదనకుండా తాగేవారు. దాంతో అంతవరకూ కంపెనీకి ఒకసారి వెళ్ళే బాత్రూంకి రెండుసార్లు వెళ్ళవలసి వచ్చేది.

అన్నిటికన్నా తమాషా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జరిగింది. బాత్రూంలో మొక్కలు, సువాసన కొవ్వొత్తులు, వీణ సంగీతం. ఇండియన్ టైపు మాత్రం బిల్డింగు మొత్తంలో లేదన్నారు. మరి తుడిచే ఆడవాళ్ళెక్కడికి పోతారని ఆవిడ అడిగారు. ఎవరికీ తెలియదు. ఆ సంగతి తుడుపుకర్ర పట్టుకున్న కదిరమ్మే చెప్పింది: రోడ్డు దాటి పెట్రోలు బంకుకి. సత్యభామగారు వెంటనే కదిరమ్మ వెంట, మండుటెండలో, పెట్రోలు బంకుకి నడిచారు. తిరిగొచ్చాక, సంగీతం వినిపిస్తున్న ఆ కుర్ర సీఈఓని జాలిగా చూసి ఫర్హానా చెవిలో చెప్పారు. "డి."

అలా రోజులు సరదాగానే గడిచాయి గానీ ఫర్హానాకి నెలాఖరు ముంచుకొచ్చింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. బొమ్మనహళ్ళిలో అశ్వత్థప్ప గార్మెంట్స్ ఆర్డరు తెస్తే అవుతుంది, తేకపోతే గుంటూరు బస్సేనని శ్రీకాంత్ మర్యాదగా చెప్పాడు. ఎనిమిది వందలమంది ఆడవాళ్ళు కుట్టే ఫ్యాక్టరీ, సరుకంతా విదేశాలకు. అతని లెక్కలో ఏ కాదు, ఏకి కూడా పెద్దమ్మ.

అశ్వత్థప్ప కూడా సరిహద్దు తెలుగువాడే. భారీ మనిషి. గేటు దగ్గర హాజరుతో పాటు ఆయనకి ఇంకొకటి కావాలి. "మా లేడీస్ బాత్రూంకని పోయి ముచ్చట్లు పెడతాండారమ్మా. ఆ తలుపుకి కూడా మీ మిషను పెట్టండి. దినానికి రెండుసార్లు తెరుచుకోవాల. మూడోసారి తెరుచుకోకూడదు" అన్నాడు. ఫర్హానా ఫోన్లో చెబితే శ్రీకాంత్ ఎగిరి గంతేశాడు. గార్మెంట్ వర్గానికంతటికీ ఇదే అమ్ముదామన్నాడు.

సత్యభామగారు అలవాటు ప్రకారం వెనకవైపు వెళ్ళారు. చాలాసేపు రాలేదు. ఇంకేముంది, డి అంటారు, తన ఉద్యోగం గోవిందా అని ఫర్హానా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఆవిడ వచ్చి, "ఏ" అన్నారు.

ఫర్హానాకి సంతోషంతో పాటు ఎందుకో కాస్త వెలితిగానూ అనిపించింది. ఆ తలుపు దగ్గర లెక్కపెట్టించుకోబోయే ఆడవాళ్ళలో ఇద్దరు తన అద్దెగది పక్కనే ఉంటారు.

"ఒక షరతప్పా" అన్నారు సత్యభామగారు. "ముందు మీ సొంత బాత్రూంకి ఒక దినం పెట్టి చూడండి. యజమాని వాడినాడంటే అందరికీ నమ్మకం." అశ్వత్థప్ప ఛాతీ ఉబ్బింది. సోమవారం నాడు ఆయన గదిలోని బాత్రూం తలుపుకి యంత్రం బిగించారు. ఆయన ముఖం చూడగానే అది మంచి ఆడగొంతుతో స్వాగతం చెప్పి తలుపు తెరిచింది. ఆయన మురిసిపోయి, ఊరికే ఒకసారి లోపలికెళ్ళి వచ్చాడు.

ఒకటయింది.

సత్యభామగారు ఆరోజు కబుర్లలోకి దిగారు. ఎళనీరు, అంటే కొబ్బరిబోండాలు, తెప్పించారు. ఆయనకొకటి, తనకొకటి. మజ్జిగ వచ్చింది. ఫిల్టరు కాఫీ వచ్చింది. ఆయన రెండోసారి వెళ్ళొచ్చాక మళ్ళీ ఎళనీరు వచ్చింది. నేను తాగుతుంటే మీరు చూస్తా కూర్చుంటారా అని మొహమాటపెట్టి మరీ తాగించారు. మధ్యాహ్నం భోజనమయ్యాక అశ్వత్థప్ప లేచి వెళ్ళి యంత్రం ముందు నిలబడ్డాడు.

"ఈరోజుకి మీ వంతు పూర్తయింది. దయచేసి రేపు రండి" అంది యంత్రం, అంతే మర్యాదగా.

ఆయన అద్దాలు తీసి చూపించాడు. పక్కకి తిరిగి చూపించాడు. తెరవమని సత్యభామగారిని అడిగాడు. మీరు చెప్పినట్టే పెట్టినాం కదా, మార్చాలంటే ఆఫీసునుంచి శ్రీకాంత్ సార్ మార్చాల, ఆయన మీటింగులో ఉండాడు అన్నారావిడ. అశ్వత్థప్ప కాళ్ళు మార్చి కాళ్ళు మార్చి నిలబడ్డాడు. చివరికి పెద్ద పెద్ద అంగలతో వెనకవైపు నడిచాడు. ఏమవుతుందోనని ఫర్హానా వెంటపడింది.

మగవాళ్ళ బాత్రూంలో పీలికల మూటలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఆడవాళ్ళవైపు బారెడు వరస. సూపర్‌వైజరు బైరప్ప తల ఎత్తకుండానే, ఎవరప్పా అది, వరసలో రండి అన్నాడు. ఎత్తి చూసి బిగుసుకుపోయాడు. వరసలో ముందున్న నాగలక్ష్మి పక్కకి జరిగింది.

"మీరు ముందు పోండి సార్. మాకు ఆపుకొనేది అలవాటే."

ఎగతాళి కాదు, నిజంగానే అంది. మిగతావాళ్ళు కూడా జరిగి దారిచ్చారు. గడియ లేదు, తలుపు బయటినుంచి పట్టుకుంటాను సార్ అని కూడా చెప్పింది.

అశ్వత్థప్ప తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. బాత్రూం యంత్రం పీకేయమన్నాడు. ఆర్డరు పోయినట్టేననుకుంది ఫర్హానా. ఆ తర్వాత ఆయన, గేటుకి మాత్రం ఎన్ని కావాలో అన్నీ పెట్టండి అని ఆర్డరు మీద సంతకం పెట్టి, బైరప్పని పిలిచి, సాయంత్రానికల్లా ఆ మూటలు తీయించి ఆ గదులు కూడా ఆడవాళ్ళకివ్వమని, తలుపులకి గడియలు పెట్టించమని చెప్పాడు.

ఆటోలో ఫర్హానా ఉండబట్టలేక అడిగేసింది. "మేడం, మీకసలు మోకాళ్ళ నొప్పి ఉందా?"

"నాకెందుకుంటాది? చిన్నప్పుడు ఇట్లాంటి ఫ్యాక్టరీలోనే కుట్టినా. పొద్దన్నుంచి నీళ్ళు తాగకుండా ఉండేదాన్ని."

"అయితే డి అంటే వదిలేయమని కాదా?"

"శ్రీకాంత్ ఏ వెంట పడతాడు. నేను డి వెంట పడతా. బాగుండేవాళ్ళకి మిషను అమ్మేసి వచ్చేస్తాం. డి వాళ్ళ దగ్గరికి పదిమార్లు పోవాల. గడియ లేదు, లైటు లేదు అని పీక్కతినాల. నా పోరు పడలేక పెట్టిస్తారు. ఆ వీణ పిల్లోడు కూడా కదిరమ్మోళ్ళకి కింద ఒకటి కట్టించినాడు."

"మరి ఈయనకి ఏ ఎందుకిచ్చారు?"

"డి అనింటే శ్రీకాంత్ నిన్ను గుంటూరు బస్సెక్కించుండడా పాపా?"

ఫర్హానా దగ్గరికి జరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చెమట పట్టి ఉంది. మొహం చూస్తే, సత్యభామగారు పెదాలు బిగబట్టి, హోసూరు రోడ్డు మీద కదలని లారీలకేసి దీనంగా చూస్తున్నారు. అశ్వత్థప్పకి ఎన్ని ఎళనీళ్ళో ఆవిడకీ అన్ని మరి, పైగా కబుర్లు ఆగకూడదని పొద్దుటినుంచి కుర్చీలోంచి లేవలేదు.

ఫర్హానా ఆటో దిగి, ఆవిడని దింపి, ఎదురుగా కనిపించిన సోఫాల షోరూంలోకి నడిపించింది. కస్టమర్లకి మాత్రమేనని మేనేజరు అడ్డొస్తే, రోడ్డు పొడుగునా ఆడవాళ్ళకి ఒక్క బాత్రూం లేని ఊళ్ళో ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందని, అక్కడ సోఫాల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేలా అడిగింది. మేనేజరు తనే తలుపు తీశాడు.

అంతలో శ్రీకాంత్ ఫోను. ఆర్డరు సంగతి విని సంతోషించి, మేడం ఎక్కడ అన్నాడు.

"కొత్త కంపెనీలో ఉన్నారు సార్."

"గుడ్. ఏ సెగ్మెంటు?"

ఫర్హానా మూసిన తలుపుకేసి చూసింది.

"ఇంకా లోపలే ఉన్నారు సార్. బయటికొచ్చాక చెబుతారు."