మా రేడియో మళ్ళీ మోగిన రోజు

మా ఆయనకి గొంతు లేదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. కంఠంలో కంతి లేచింది, డాక్టర్లు దాంతోపాటు స్వరపేటికనీ తీసేశారు. మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకున్నాం. అప్పటికి మా అమ్మాయి బుజ్జికి ఇంకా ముద్దుమాటలే. ఆనాటినుంచీ ఇంట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతున్నాను. "వదినా, నీకు నోరెక్కువ" అని మా ఆడపడుచు దెప్పితే, "అందులో సగం మీ అన్నయ్య వాటా" అంటాను.

ఏదైనా చెప్పాలంటే ఆయన పలక మీద రాస్తారు. పిలవాలంటే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడతారు. ఒక దెబ్బ కొడితే నేను, రెండు కొడితే బుజ్జి. అది ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు, పదిమందికి సూదులు పొడుస్తుంది. అయినా ఆ గ్లాసు మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తుంది. చిన్నప్పుడు తెగ అడిగేది, "అమ్మా, నాన్న గొంతు ఎలా ఉండేది?" అని. "గంటలా ఉండేదే" అనేదాన్ని. ఏ గంట అని అదీ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆయన నగరానికి నీళ్ళిచ్చే ఆఫీసులో పటాలు గీసేవారు. ఏ రోడ్డు కింద ఏ పైపు పోతుందో, ఏ వాల్వు ఎక్కడుందో అన్నీ ఆయన గీతల్లోనే. మామూలు కంప్యూటర్లు ఒక్క బొమ్మ గీయడానికే ఆపసోపాలు పడే రోజుల్లో ఆయన బల్ల మీద వర్క్‌స్టేషన్ అనే పెద్దమనిషి ఉండేది. దానికో మైకు కూడా ఉండేది. ఈయనది నిండైన గొంతని ఆఫీసులో అందరూ "రేడియో" అనే పిలిచేవాళ్ళు. గొంతు పోయాక కూడా రేడియో అనే పిలిచారు. నేను వెళ్ళి నాలుగు దులిపితే, "అలవాటైపోయింది వదినగారూ" అని నసిగారు.

ఆఫీసువాళ్ళు ఆ వర్క్‌స్టేషన్‌ని పాత సామాన్లలోకి తోసేస్తుంటే ఈయన ఆటోలో ఇంటికి తెచ్చి నా బీరువా పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళకి లోపల ఏదో కాలి కమురు కంపు కొట్టింది. పీడా విరగడైందనుకున్నాను. లేదు! దాని డిస్కులో ఉన్నదంతా అప్పటికే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేసుకున్నారట. "కొత్త కంప్యూటరు పాతదాని వేషం వేస్తుంది. లోపలి ప్రోగ్రాములకి తాము పాత ఇంట్లోనే ఉన్నామనిపిస్తుంది" అని పలక మీద రాశారు. నిజంగానే తెర మీద అవే బూడిదరంగు కిటికీలు, మూలన అదే గుండ్రటి గడియారం. పాత మిషను మేలుకోవడానికి ఎంతసేపు తీసుకునేదో, ఈ వేషగాడూ అంతసేపూ తీసుకోవాలి. తొందర పెట్టకూడదు. దేశదేశాల్లో ఇలాంటి పిచ్చివాళ్ళు ఇంకా ఉన్నారట, ఒకళ్ళకొకళ్ళు సందేహాలు తీర్చుకుంటారట. రోజూ అన్నం చల్లారిపోతుంటే గుమ్మంలో నిలబడి అరుస్తాను, "ఏవండీ! ఆ డబ్బాని కట్టుకున్నారా, నన్ను కట్టుకున్నారా?" అని. ఆయన చెయ్యెత్తి వేలు చూపిస్తారు, ఒక్క నిమిషం అని.

ఆ మధ్య మా బుజ్జి క్లినిక్‌కి ఆఫీసులో ఈయనతో పనిచేసిన ఒక ముసలాయన పన్ను పీకించుకోడానికి వచ్చాడట. "నువ్వు రేడియో కూతురివా! ఏం గొంతమ్మా మీ నాన్నది" అని నోట్లో దూదితోనే అన్నాడట. అది ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వాళ్ళ నాన్న ముందు కూర్చుంది.

"నాన్నా, ఊళ్ళోవాళ్ళందరూ విన్నారు. నేనొక్కదాన్నే వినలేదు. ఒక్కసారి వినాలనుంది నాన్నా."

"లేనిదాని గురించి ఎందుకే ఆయన్ని బాధపెడతావ్!" అని కసిరాను. ఆయన లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మనిషి నొచ్చుకున్నారు, ఆ బొమ్మల పెట్టెలో తల దాచుకుంటున్నారు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. బుజ్జి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను హాల్లో దుప్పట్లు మడతపెడుతున్నాను. గదిలోంచి మగమనిషి మాటలు వినిపించాయి.

మా ఇంట్లో! మగగొంతు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. అదైనా మామూలు గొంతా, కోడిపిల్ల పీక నొక్కినట్టు కీచుకీచుమంటోంది. చీపురు పట్టుకుని తలుపు తోశాను. "ఎవడ్రా అది?"

ఎవరూ లేరు. ఆయనా, ల్యాప్‌టాప్. తెర మీద పటం. పటంలో ఒక చుక్క మీద బాణం గుర్తు. ఆయన మళ్ళీ నొక్కారు. "ఈ వాల్వు ఎడమవైపు తిరుగుతుంది, బలవంతం చేయొద్దు" అంది ఆ కీచుగొంతు.

ఆయన పలక తిప్పి చూపించారు. "నేనే."

చీపురు చేతిలోంచి జారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, క్యారేజీ తీసుకుని ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఈయన ఆ డబ్బా ముందు కూర్చుని తనలో తను ఏదో చదువుకుంటుండేవారు. తవ్వే కూలీలకి తెలియాలని ఒక్కో వాల్వుకి ఒక్కో మాట తగిలించేవారట! ఇన్నేళ్ళూ ఆ గొంతు నా ఇంట్లోనే, నా బీరువా పక్కనే పడుందా? నేను దాని మీద తడిగుడ్డలు ఆరేశానా?

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని ఏడుస్తూ అరిచాను.

"వేషగాడికి మాట రాలేదు. నిన్ననే వచ్చింది" అని రాశారు. చెరిపి మళ్ళీ రాశారు. "కానీ వేగం తప్పు. మాట ఎంత వేగంగా మోగాలో డిస్కులో లేదు. పాత మిషనుకే తెలుసు, అది కాలిపోయింది. నువ్వు చెప్పు."

ఏదో అంకె మార్చి మోగించారు. గొంతు కాస్త లావెక్కింది. "ఆఁ, ఇదే ఇదే" అన్నాను. ఇంకో అంకె మార్చారు. ఇంకా లావు. "ఇదీ... కాదు, ఇదే, ఇదే" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. దొరికిపోయాను.

నాకు గుర్తులేదు. ఆ గొంతు విని పెళ్ళికి ఒప్పుకున్నదాన్ని, దాంతో ఎన్ని పోట్లాటలు పెట్టుకున్నదాన్ని, నాకే గుర్తులేదు! గంటలా, గంటలా అని కూతురికి చెప్పుకుంటూ వచ్చాను, అసలు మనసులో ఆ గంటా లేదు, పాడూ లేదు. మంచం అంచున కూలబడ్డాను. "మీ గొంతు మీకు తెలీదా?" అన్నాను, తప్పు ఆయన మీదకి తోసేసి.

"ఎవరి గొంతు వాళ్ళకి బయటినుంచి తెలీదు" అని రాశారు.

పాపం, నన్ను ఒక్క మాట అనలేదు. పటం మీద ఒక్కో చుక్కే నొక్కుతూ పోయారు. కీచు, కీచు, కీచు. ఉన్నట్టుండి వాటి మధ్యలో ఆడగొంతు. కీచుగానే ఉన్నా మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

"ఏవండీ! క్యారేజీ తెచ్చి ఎంతసేపైంది? ఆ డబ్బాని కట్టుకున్నారా, నన్ను కట్టుకున్నారా?"

అమ్మబాబోయ్! ఆ రోజు ఈయన మైకు ఆపలేదన్నమాట, నా అరుపూ అందులోకి ఎక్కేసింది. ఆయన మాత్రం కుర్చీలోంచి ఎగిరినంత పని చేశారు. పలక మీద గబగబా గీకారు. "తిట్టు. ఇప్పుడే. అదే మాట."

"ఏంటండీ?"

"తిట్టు!"

తిట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, అంకె మార్చి మోగించారు, తల అడ్డంగా ఊపారు. మళ్ళీ తిట్టమన్నారు. మళ్ళీ తిట్టాను. కాపురంలో మొదటిసారి ఒక మనిషి నా తిట్లు ఇంత శ్రద్ధగా వినడం. వయసుతో పాటు నా గొంతు కాస్త బరువెక్కిందనుకోండి, కానీ రోజూ వింటూ వచ్చిన మనిషికి ఆ లెక్క తెలీదా? చివరికి ఒక అంకె దగ్గర ఆగి, కళ్ళు తెరిచి, బల్ల మీద అరచేత్తో కొట్టారు.

"ఛీ, నా గొంతు అంత గయ్యాళిగా ఉంటుందా?" అన్నాను.

ఉంటుందని తలాడించారు, రెండుసార్లు. ఆ అంకె కదపకుండా ఆ మాటని మొదట్నించీ మోగించారు. నా అరుపు అయింది. ఆ వెంటనే,

"ఒక్క నిమిషం ఆగవే తల్లీ."

అది! అదే! గంట కాదు, నా మొహం. కాస్త బొంగురు, లోపల నవ్వు దాచుకున్న గొంతు. నేను మరిచిపోయినా నా చెవులు మరిచిపోలేదు. ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. ఆయన పెదాలు ఆ మాటకి తగ్గట్టు కదులుతున్నాయి.

గొంతు ఇంకా అయిపోలేదు. ఆ రోజు చంకలో పిల్లని దించి ఉంటాను, బల్ల కింద దూరి ఉంటుంది.

"బుజ్జీ! ఆ వైరు వదిలెయ్. ఇలా రా అమ్మా, నా దగ్గరకి రా."

పెరట్లోంచి బకెట్ కింద పెట్టిన చప్పుడు.

"ఆఁ, వస్తున్నా నాన్నా!"

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. గ్లాసు మోగలేదు. చెంచా బల్ల మీదే ఉంది. గబగబా వస్తున్న అడుగులు హాలు మధ్యలో ఆగిపోయాయి. తర్వాత మెల్లగా గుమ్మం దాకా వచ్చాయి. తడి చేతులు వేలాడేసుకుని నిలబడింది పిల్ల.

"అమ్మా, నన్ను ఎవరు పిలిచారు?"

ఇద్దరి మాటలూ మాట్లాడేదాన్ని, ఈసారి ఆయన వైపు వేలు చూపించాను. మా ఆయన కుర్చీ దాని వైపు తిప్పుకుని, మళ్ళీ నొక్కారు.