పేజీ దిక్కు ఉన్న మనిషి

పోయిన నెల మా ఇంటామె చనిపోయింది. పొద్దున బియ్యం కడిగి పెట్టి, ఒక్క నిమిషం కూర్చుంటానంది. అంతే. దవాఖానకు తీసుకుపోయేసరికే లేదన్నారు.

బంధువులకు ఫోన్లు చేశాను. ఇంకొక చోట కూడా చెప్పాల్సి ఉంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే తెలుగు వికీ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఊరికొక పేజీ. ఆమె ఏళ్ల తరబడి అందులో రాసింది. అక్కడి చర్చా పేజీలో రెండు వాక్యాలు పెట్టాను. ఆమె మొహం ఎన్నడూ చూడనివాళ్లు సాయంత్రానికి ‘అక్క’ అని తలుచుకుంటూ రాశారు. కొత్తగా చేరేవాళ్ల కోసం ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నాకు పొడుగ్గా రాయడం రాదు. గుర్తున్నవి రాస్తాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజులవి. భూపాలపల్లిలో గనులు ఆగాయి. నేను గని ఆఫీసులో గుమాస్తాను, ఆమె సర్కారు బడిలో టీచర్. ఇద్దరం సమ్మెలోనే. పొద్దున టెంటుకు పోవడం, రోడ్డు మీద వంటావార్పు, పాటలు. ఊరంతా పెళ్లిల్లులా ఉండేది. మధ్యాహ్నం క్వార్టర్‌కు వచ్చాక కరెంటు ఉన్నంతసేపు ఆమె కంప్యూటర్ వదిలేది కాదు.

ఒకనాడు వికీలో తన పుట్టిన ఊరి పేజీ దొరికింది. బచ్చన్నపేట దగ్గర చిన్న ఊరు. పేజీలో రెండే వాక్యాలు.

“నా ఊరు గింతేనా?” అని కూర్చుని రాసింది. చెరువు సముద్రమంత ఉంటుందని, దాని కింద పండిన బియ్యం తింటే రోగం రాదని, అంత మంచి మనుషులు ఇంకెక్కడా లేరని. పావుగంటలో ఎవరో తీసేశారు. “మూలం లేదు. సొంత అభిప్రాయం” అని కారణం రాశారు. తీసినాయన కోస్తా జిల్లా నుంచి రాసే ఒక పెద్దమనిషి.

“సూసిండ్రా? తెలంగాణ ఊరు గాబట్టే తీసేసిండు,” అంది. మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ తీశాడు. ఇంకోసారి. ఇంకోసారి. చివరికి నిర్వాహకులు ఆమెను ఒక రోజు పాటు రాయకుండా ఆపేశారు.

“రాష్ట్రమంత బందున్నది. నన్నొక్కదాన్ని మల్ల వేరుగ బంద్ వెట్టిండ్రు,” అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ రోజు తోచక నియమాల పేజీ తెరిచింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, నాకు వినపడేలా చదివింది. చదవడం కాదు, కొట్లాట. నీకు తెలిసిందని రాయకు, ఎక్కడ అచ్చయిందో చూపించు అని ఒక నియమం. “అంటే నేను జెప్తే అబద్ధమా?” ఎదుటివాడు మంచి ఉద్దేశంతోనే దిద్దాడనుకో అని ఇంకో నియమం. అక్కడ ఆగింది.

“అంటే గాయిన దుశ్మన్ గాదా?” అని నన్నడిగింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగగానే జనగామ పోయింది. లైబ్రరీలో పాత జిల్లా పుస్తకాలు అడిగింది. “పోటీ పరీక్షలకా మేడమ్?” అన్నాడట అక్కడి మనిషి. “కాదు, కొట్లాటకు,” అందట. చెరువు కింద పారే భూమి ఎంతో ఒక పుస్తకంలో దొరికింది. వికీలో సముద్రం తీసేసి ఎకరాలు రాసింది, పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా. కోస్తా పెద్దమనిషి ఈసారి తీయలేదు. “బాగుంది, ధన్యవాదాలు” అని రాశాడు. ఆ రెండు మాటలు ఆమె నాకు మూడుసార్లు చదివి వినిపించింది.

తర్వాత ఆమె పని చేసే తీరే మారింది. ఎవరి రాతనైనా తీస్తే కారణం రాయకుండా తీసేది కాదు. “అన్నా, మీ ఊరి గుడి ముచ్చట మంచిగుంది, ఏ పుస్తకంలో ఉందో చెప్తే మళ్లీ పెడదాం.” ఇలా రాసేది. మహబూబాబాద్ కాలేజీకి పోయి తండాల పిల్లలకు నేర్పింది. “మా తండా పేరే లేదు మేడమ్,” అని ఒక అమ్మాయి అంటే, “లేకుంటే నువ్వే మొదలువెట్టు. రాత నీదే, పేజీ మాత్రం అందరిది,” అంది. ఆ మాట నాకు కూడా చాలాసార్లు చెప్పింది. నేను ఒక్క అక్షరం రాయకపోయినా.

లోక్‌సభలో బిల్లు పాసయిన మధ్యాహ్నం. భూపాలపల్లి రోడ్ల మీద మనుషులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. డప్పులు. గని నుంచి అప్పుడే పైకొచ్చిన కార్మికుల మొహాల మీద బొగ్గు, దాని మీద గులాల్. క్వార్టర్ల ఆడవాళ్లతో కలిసి ఆమె ఆడింది. బతుకమ్మకు తప్ప ఆమె బయట ఆడటం నేను చూసింది ఆ రోజే.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచింది. తన ఊరు, చుట్టుపక్కల ఊళ్ల పేజీలన్నీ మారిపోయి ఉన్నాయి. రాష్ట్రం పేరు దగ్గర పాతది పోయి తెలంగాణ. ప్రతి పేరా చివర జై తెలంగాణ. చేసింది ఆమె తమ్ముడు, దీక్షా శిబిరంలోని అతని దోస్తులు. వాళ్లకు రాయడం నేర్పింది ఈమే.

 ఆమె ఒక్కొక్కటే వెనక్కి మార్చడం మొదలుపెట్టింది. మీటల మీద గులాల్ రాలుతోంది. అదే సమయంలో అవతలి పక్షం వాళ్లెవరో ఇంకో పేజీలో బిల్లు పాసయిందన్న వాక్యాన్నే కొట్టేశారు. వార్త చూపించి దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఇటు తీస్తోంది, అటు పెడుతోంది. ఫోన్ మోగింది. తమ్ముడు.

“అక్కా, మనోళ్లు రాసింది ఎవడు తీస్తున్నడో అనుకున్న. నువ్వా?”

“నేనే.”

“పాసయింది గదనే!”

“పాసయిందని రాసిన. మూలం గూడ వెట్టిన. రాష్ట్రం ఇంక కాలే. రాజ్యసభ ఉన్నది, రాష్ట్రపతి సంతకం ఉన్నది, తారీఖు ఉన్నది. ఒకపారి కేంద్రం ఇస్తున్నమని చెప్పి వెనుకకు వోయింది యాదికి లేదా?”

“లాఠీ దెబ్బలు తిన్నోన్ని. నాకు నియమాలు జెప్తున్నవా? ఎవల దిక్కున్నవ్ నువ్వు?”

“పేజీ దిక్కు.”

“నీకు సంబురం లేదా అక్కా?”

“ఉన్నది రా. చేతుల గులాల్ ఇంక కడుక్కోలె. ఇయ్యాల మనం కానిది రాస్తే, రేపు అయినంక రాసింది ఎవడు నమ్ముతడు?”

ఫోన్ పెట్టేశాడు. మూడు నెలలు మాట్లాడలేదు. “టీచరమ్మ గూడ అవతలోళ్ల తోటి కలిసిందట గద,” అని పక్కింటామె నాతోనే అంది. మా ఇంటామె లోపలి నుంచి విన్నది. రోజూ అన్నం వడ్డించేటప్పుడు “వాడు తిన్నడో లేదో,” అనేది. తమ్ముడికి నలభై ఏళ్లు.

రాష్ట్రం ఏర్పడే రోజు, జూన్ రెండు వచ్చింది. పొద్దున్నే లేచి కంప్యూటర్ తెరిచి, “ఇటు రాండ్రి!” అని కేక వేసింది. ఊళ్ల పేజీలన్నీ అప్పటికే ఎవరెవరో మార్చేశారు. ఆమె ఊరి పేజీ ఒక్కటే పాతగా ఉంది. దాని చర్చా పేజీలో కోస్తా పెద్దమనిషి రాసి ఉంచాడు: “ఈ పేజీని టీచర్ గారు మార్చాలి. దయచేసి ఆగండి.” దాని కింద ‘సరే’ అంటూ ఇంకొందరు.

కుర్చీలో కూర్చుంది. లేచింది. ఫోన్ తీసింది.

“యాడున్నవ్ రా?”

“జనగామ బస్టాండుల. నీ దగ్గరికే వస్తున్న.”

అతను వచ్చేదాకా ఆ పేజీని ముట్టలేదు. బయట డప్పులు, ఊరేగింపులు. ఈమె వాకిట్లోకి, ఇంట్లోకి తిరుగుతోంది. పదకొండింటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

“నిలవడ్డవేంది? కూసో. నువ్వే మార్చు,” అని కుర్చీ చూపించింది.

“నేనా?”

“దెబ్బలు తిన్నది నువ్వే గద.”

కూర్చున్నాడు. తెలంగాణ అని కొట్టాడు. చేయి ఆగింది. వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు.

“అక్కా, మూలం ఏం వెయ్యాలె?”

ఆమె సర్కారు గెజిట్ నకలు తీసి అతని ముందు పెట్టింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాడు. మీట నొక్కాడు. నెట్ నెమ్మది. పేజీ పైనుంచి కిందికి, వరస తర్వాత వరస తెరుచుకుంటోంది. ముగ్గురం తెర మీదికి వంగి చూస్తున్నాం. ఆమె చేయి తమ్ముడి తల మీద ఉంది. పొయ్యి మీద చాయ్ పొంగి పోతున్న చప్పుడు వినపడింది. ఎవరం కదల్లేదు.